రత్తాలు హస్తవాసి

మెట్ల కింద గది అంటే నిజంగా గదే అనుకునేరు. నిలబడితే నెత్తి తగులుతుంది, పడుకుంటే కాళ్ళు తలుపుని తంతాయి. తెనాలిలో మంగతాయారు కాంప్లెక్సు మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన ఉన్న ఆ గూట్లోనే రత్తాలు కాపురం. ఒక చాప, ఒక స్టవ్వు, ఒక ప్లాస్టిక్ బిందె, గోడకి పొడుగాటి చెక్క ఒకటి. చెక్క నిండా మేకులు, మేకుకో తాళంచెవి. కింద బట్టల షాపు, మందుల షాపు, సెల్‌ఫోన్ల షాపు, పైన పళ్ళ డాక్టరు, ఇన్సూరెన్సు ఆఫీసు, ఆ పైన కంప్యూటరు సెంటరు, అన్నిటి ప్రాణాలూ ఆ చెక్క మీదే ఉండేవి.

షాపు కట్టేశాక ఎవరి తాళంచెవి వాళ్ళు ఇంటికి పట్టుకుపోవచ్చు కదా అంటారేమో. పోరండీ. అక్కడి పద్ధతి వేరు. తెల్లారేసరికి షట్టరు లేవాలి, వాకిట్లో నీళ్ళు పడాలి, ముగ్గు పడాలి, లోపల దేవుడి పటం ముందు అగరొత్తి వెలగాలి. ఓనరు ఇంట్లో టిఫిన్ తిని, పేపరు చదివి, తీరుబడిగా వచ్చేసరికి షాపు మేలుకుని ఉండాలి. పొద్దున్నే లేచి ఇదంతా చేసే ఓపిక ఓనర్లకి ఎక్కడిది? నమ్మకమైన మనిషి కావాలి. ఆ మనిషి రత్తాలు.

చదువు రాదు కాబట్టి తాళంచెవులకి బట్టల షాపులో మిగిలిపోయిన పీలికలు కట్టుకుంది. మందుల షాపుకి తెల్ల గుడ్డ, ఇన్సూరెన్సు వాళ్ళకి నల్ల గుడ్డ, పళ్ళ డాక్టరుకి చిగుళ్ళ రంగని గులాబీ గుడ్డ. ముడి కూడా ఆమెదే, వలలు బాగుచేసేటప్పుడు వేసే గట్టి ముడి. ఎవరి తాళంచెవి వాళ్ళ చేతికే ఇచ్చేది. ఓసారి డాక్టరుగారి బావమరిది వచ్చి, పైన ఏదో మర్చిపోయాను తాళంచెవి ఇమ్మన్నాడు.

"నేనెవర్నో తెలీదా నీకు?" అని గుడ్లురిమాడు ఇవ్వననేసరికి.

"తెలీకేమండీ, డాక్టరుగారి బావమరిదండి. తాళంచెవి మాత్రం డాక్టరుగారిదండి. ఆయన్ని ఒక్క ఫోను చెయ్యమనండి, ఇచ్చేస్తాను."

ఆయన ఎగిరెగిరిపడి వెళ్ళిపోయాడు. సాయంత్రం డాక్టరు వచ్చి పల్లెత్తు మాట అనకుండా, నవ్వుకుంటూ మెట్లెక్కాడు.

ఇంకో సంగతి చెప్పాలి. పైన ఒకప్పుడు ఫోటో స్టూడియో ఉండేది. దాని ఓనరు ఊరే వదిలి వెళ్ళిపోయాడు. ఆ గదికి తర్వాత తాళం కూడా మార్చేశారు. అయినా పాత తాళంచెవి మాత్రం మేకుకే ఉంది. బిల్డింగు ఓనరు వేంకటేశ్వర్లుగారి కొడుకు ఫణి అది చూసి, "దీన్నింకా ఏం చేసుకుంటావమ్మా, పారెయ్యి" అన్నాడు. రత్తాలుకి ఆ మాటే అర్థం కాలేదు. "అదెలాగండి బాబూ, ఆయనొచ్చి నాది ఏదీ అంటే?" అంది. నాది అంటూ మనిషి వచ్చేదాకా వస్తువుని ఉంచాలి. అది ఆమెకి ఎవరూ నేర్పలేదు, ఎవరూ మాన్పించలేరు కూడా.

ఈ ఫణి హైదరాబాదులో చదువుకొచ్చిన కుర్రాడు. ప్రతి తలుపుకీ కార్డు పెడదాం, కార్డు చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది, ఎవరు ఎప్పుడొచ్చారో ఫోనులో తెలిసిపోతుంది, ఈ గుడ్డ పీలికల గోల ఉండదు అని నాన్న చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. వేంకటేశ్వర్లుగారు మెత్తబడ్డారు కూడా. అడ్డం పడింది ఎవరయ్యా అంటే షాపులవాళ్ళే. అందరికన్నా ముందు బట్టల షాపు రమేష్ బాబు.

"కార్డుకి హస్తవాసి ఉంటుందా ఫణీ? రత్తాలమ్మ చేత్తో తీస్తేనే నా షట్టరు లేవాలి. ఆ చెయ్యి మంచిది" అన్నాడు.

ఆ చెయ్యి మంచిదని ఎలా తేలిందంటారా? ఒక శ్రావణ శుక్రవారం షాపు తీసే కుర్రాడు రాకపోతే, వాకిలి ఊడుస్తున్న రత్తాలుని పిలిచి తాళం తీయించాడు రమేష్ బాబు. ఆరోజు చీరలు మడతపెట్టడానికి మనుషులు చాలలేదట. శ్రావణమాసంలో బట్టల షాపుకి జనం రాకపోతే ఇంకెప్పుడొస్తారు నాయనా అని అడిగినవాడు లేడు. మర్నాటి నుంచి ఆయన తాళంచెవి రత్తాలు దగ్గరికి వచ్చేసింది. ఆయన్ని చూసి మందుల షాపు, దాన్ని చూసి సెల్‌ఫోన్ల షాపు. ఊడ్చే మనిషి కాస్తా తాళాల మనిషి అయింది. రత్తాలు కాస్తా రత్తాలమ్మ అయింది.

అయితే ఒట్టి చెయ్యి మంచిదైతే సరిపోదు లెండి. ఆ చేతికి గాజులుండాలి, నుదుట బొట్టుండాలి, మెడలో పసుపుతాడుండాలి. ఈ షరతు పైకి అన్నవాడు ఒక్కడూ లేడు, తెలియనివాడూ ఒక్కడూ లేడు. రత్తాలు దాన్ని కళ్ళారా చూసింది. పై అంతస్తు తాళాలు మొదట్లో లక్ష్మీదుర్గ అనే ఆవిడ దగ్గర ఉండేవి. పాపం ఆవిడ మొగుడు కామెర్లతో పోయాడు. కర్మకాండ అయ్యాక లక్ష్మీదుర్గ పనిలోకి వస్తే ఎవరూ పొమ్మనలేదు. "పొద్దున్నే ఎందుకమ్మా నీకు శ్రమ, మధ్యాహ్నం రా" అన్నారు, ఎంతో ప్రేమగా. మధ్యాహ్నానికి షాపులన్నీ తెరిచే ఉంటాయి, తాళాల మనిషికి పనేముంటుంది? నెల తిరక్కుండానే ఆమె మానేసింది. ఆమె తాళంచెవులు తెచ్చి రత్తాలు చెక్కకి తగిలించారు. రత్తాలు నోరెత్తలేదు. కొత్త మేకులు కావాలని మాత్రం అడిగింది.

రత్తాలుది నిజాంపట్నం పక్క ఒక పల్లె. మొగుడు నాంచారయ్య సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు. పిల్లలు పుట్టలేదు. ఆ ఇంట్లో పిల్లల్లేని కోడలికి పేరు కూడా ఉండదు. అత్త పిలిస్తే "ఇదిగో", తోటికోడలు పిలిస్తే "అక్కడున్నావిడ". చేపల గంప నెత్తినెట్టుకుని రేపల్లెలో రైలెక్కి తెనాలి వచ్చి అమ్ముకునేది. అలా వచ్చి వచ్చి కాంప్లెక్సులో ఊడ్చే పనికి కుదిరి, చివరికి అక్కడే ఉండిపోయింది. మొగుడు కోప్పడలేదు. పడవ వెళ్ళని రోజుల్లో ఎండుచేపల మూట పట్టుకుని వచ్చేవాడు. మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకి వినపడేలా, "తెనాలి సగం మా ఆవిడ చేతిలో ఉందండోయ్, జాగ్రత్తగా మాట్లాడండి" అని నవ్వేవాడు. రత్తాలు సిగ్గుపడి కసిరేది. లోపల ఎంత పొంగిపోయేదో ఆ మనిషికి తెలుసు కాబట్టే మళ్ళీ మళ్ళీ అనేవాడు.

ఆ నాంచారయ్య వేటకెళ్ళి తిరిగి రాలేదు.

గాలివాన కూడా కాదు, ఏదో చిన్న వాయుగుండం. పడవ తిరగబడి దొరికింది. కూడా వెళ్ళిన మనిషి శవం ఒడ్డుకొచ్చింది. నాంచారయ్య దొరకలేదు. మరిది సుమన్ పోలీసులకి కాగితం రాసిచ్చాడు, అందులో తన నంబరు, వదిన నంబరు వేయించాడు. "నా కొడుకు ఈత తెలిసినోడు, ఏ ఒడ్డునో తేలి ఉంటాడు, వస్తాడు" అని అత్త పట్టుబట్టి కూర్చుంది. రత్తాలు ఆ మాట పట్టుకుని తెనాలి వచ్చేసింది. కాంప్లెక్సులో ఒక్కరికి కూడా చెప్పలేదు. చెప్పి ఏం చెయ్యాలి? రాలేదు అంటే రావాల్సి ఉందనేగా. పొద్దున్నే మొహానికి పసుపు రాసుకుని, రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని, తాళాల గుత్తి చేత్తో పట్టుకుని బయల్దేరేది. షట్టరు కింద ఒంగినప్పుడు కళ్ళలోంచి నీళ్ళు కారితే కళ్ళాపి నీళ్ళలో కలిసిపోయేవి.

అలా రోజులు వెళ్తుండగా రమేష్ బాబు ఒక సాయంత్రం మెట్ల కిందికే వచ్చాడు. ఓనర్లు ఆ గూటి దాకా రావడమంటే చిన్న విషయం కాదు.

"రేపల్లెలో కొత్త షాపు పెడుతున్నాను రత్తాలమ్మా. వచ్చే వారం ముహూర్తం. మొదటి తాళం నువ్వే తియ్యాలి. పట్టుచీర మా ఆవిడ కొంటుంది. మా కార్లోనే వద్దువుగాని."

"నేనాండి? పెద్దవాళ్ళుంటారు కదండీ."

"పెద్దవాళ్ళు బోలెడుమంది ఉన్నారమ్మా. నీ చెయ్యి ఒక్కటే ఉంది" అన్నాడాయన.

ఆ మాట విన్నాక ఆమెకి అన్నం కూడా సయించలేదు సంతోషానికి. అవునండీ, సంతోషానికే. మొగుడు సముద్రంలో పోయిన మనిషికి సంతోషమేంటని తిట్టుకుంటే తిట్టుకోండి. తనకి పేరు కూడా లేని ఊరి పక్కనే, రేపల్లె బజారులో, పట్టుచీర కట్టుకుని పదిమందిలో తాళం తియ్యబోతోంది. ఆ మర్నాడే బాపట్ల నుంచి ఫోనొచ్చింది.

హెడ్ కానిస్టేబులు జకరయ్య చేశాడు. సూర్యలంక దగ్గర ఒక శవం ఒడ్డుకొచ్చిందని, సుమన్ ఫోను కలవడం లేదని, ఒక్కసారి వచ్చి చూసి చెప్పాలని. సుమన్ ఫోను ఎలా కలుస్తుంది, వేటకెళ్ళాడు కదా. రత్తాలు షాపులన్నీ తెరిచి, తాళంచెవులన్నీ చెక్కకి తగిలించి, చుట్టాలకి ఒంట్లో బాలేదని వేంకటేశ్వర్లుగారితో చెప్పి బాపట్ల రైలెక్కింది. నాంచారయ్య కాకూడదని దేవుళ్ళందరికీ మొక్కుకుంది.

జకరయ్య మంచి మనిషి. చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకోమని ముందే చెప్పాడు. మార్చురీ మనిషి పెద్ద తాళం తీశాడు. ఆ తాళాన్ని, దాన్ని తీసిన మనిషినీ రత్తాలు తేరిపార చూసింది. మొహం చూడ్డానికి ఏం మిగల్లేదు, చేపలు తినేశాయి. జకరయ్య గుడ్డ పైకి తీసి నడుం చూపించాడు. మొలతాడుకి చిన్న తాళంచెవి వేలాడుతోంది. నీళ్ళలో జారిపోకుండా వేటవాళ్ళు అలా కట్టుకుంటారు. తాళంచెవికి రంగు పోయిన గుడ్డ పీలిక ఉంది. సముద్రం అంత కొట్టినా ముడి ఊడలేదు.

పల్లెలో వాళ్ళ ఇంటి తాళంచెవి. తెనాలిలో రత్తాలే మారు తాళంచెవి చేయించి, తన పాత జాకెట్టు పీలిక కట్టి, "ఇది పారేసుకున్నావంటే ఇంటికి రానివ్వను" అని మొగుడి చేతికిచ్చింది.

"తొందరేం లేదమ్మా, బాగా చూడండి" అన్నాడు జకరయ్య. "ఈ తాళంచెవి ఎప్పుడైనా చూశారా?"

అప్పుడామెకి ఏమైందో ఏం చెప్పమంటారు? ముందు ఏడుపొచ్చింది. ఆ తర్వాత లక్ష్మీదుర్గ గుర్తొచ్చింది. మధ్యాహ్నం రామ్మా అన్న మాట గుర్తొచ్చింది. ఫణి కార్డులు గుర్తొచ్చాయి, మెట్ల కింద గూడు గుర్తొచ్చింది, అత్త గుమ్మం గుర్తొచ్చింది. ఇంకొక్క వారం. రేపల్లె షాపు తాళం తీసేస్తే చాలు, ఆ వెంటనే వచ్చి నా మొగుడేనండి, ఆరోజు బుర్ర పనిచెయ్యలేదండి అని కాళ్ళ మీద పడదాం. శవం ఎక్కడికి పోతుంది? తాళం వేసిన గదిలో ఉంది. తాళంచెవి ఒక మనిషి చేతిలో ఉంది. నాది అని తను వచ్చేదాకా ఆ మనిషి ఉంచుతాడు. ఉంచడా మరి? తనైతే ఉంచదూ?

"లేదండి" అంది రత్తాలు. "మా ఆయన కాదండి."

జకరయ్య కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. "పోనీలెండమ్మా, ఎక్కడో బతికే ఉన్నాడనుకోండి" అని ఆమెకే ధైర్యం చెప్పాడు. మార్చురీ మనిషి మళ్ళీ తాళం వేశాడు. రెండుసార్లు లాగి చూసుకున్నాడు, అచ్చం తనలాగే. ఆ లాగడం చూసి రత్తాలుకి గుండె నిబ్బరపడింది. ఛీ, ఎంత పిచ్చిదండీ! ఎన్నాళ్ళుంచుతారని ఆ మనిషిని ఒక్క మాట అడిగితే ఏం పోయేది? ఆమె ఉద్యోగంలో ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. వస్తువు ఉంటే ఉంటుంది, అంతే.

ఆ వారం ఆమె ఎలా గడిపిందో చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. మైల చేత్తో షాపులు తీస్తున్నానని, ఎవరికి ఏ కీడు జరుగుతుందోనని హడలి చచ్చేది. మందుల షాపులో ఫ్రిజ్జు చెడిపోతే తనవల్లే అనుకుంది. బట్టల షాపులో పెళ్ళివాళ్ళు వచ్చి జాకెట్టు గుడ్డలతో సహా కొనుక్కెళ్తే ఇంకా భయపడింది. రమేష్ బాబు భార్య అనుపమ పట్టుచీర తెచ్చి, బొట్టు పెట్టి, "నీ పసుపు కుంకుమలు పదికాలాల పాటు చల్లగా ఉండాలి రత్తాలమ్మా" అని చేతిలో పెట్టింది. అనుపమ కల్లాకపటం తెలియని మనిషి, మనసారా అంది. రత్తాలు ఆ చీర గుండెకి హత్తుకుని గూట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. తప్పు చేశాను దేవుడా అని చెంపలేసుకునేది. వేసుకుని మళ్ళీ, ఇంకెన్నాళ్ళు, అయిపోయిందిగా అనుకునేది. ముహూర్తం ముందురోజు సుమన్ ఒడ్డుకొచ్చి ఫోను చేశాడు.

"వదినా, అన్న సంగతేమన్నా తెలిసిందా?"

"లేదు" అంది. ఏదో ఒకటి మాట్లాడాలని, "రేపు రేపల్లె వస్తున్నా, కొత్త బట్టల షాపు తాళం నాచేత తీయిస్తున్నారు" అని కూడా అంది.

"మంచిదే వదినా. నువ్వన్నా బాగుండాలి" అన్నాడు సుమన్.

రేపల్లెకి కార్లో వెళ్ళారు. భట్టిప్రోలు దాటాక రోడ్డు పక్క మనుషులు వరి ఊడ్పుల్లో ఉన్నారు. రత్తాలు కిటికీలోంచి చూస్తూనే ఉంది, ఆమెకేమీ కనపడలేదు. షాపు ముందు షామియానా, బంతిపూల తోరణాలు, సన్నాయి, కుర్చీల్లో పెద్దమనుషులు. పంతులుగారు తాళానికి పసుపు కుంకుమ పూసి, పూలు చుట్టి, వెండిపళ్ళెంలో తాళంచెవి పెట్టి రత్తాలుకి అందించారు. ఆమె చేతిలోకి తీసుకుంది. తాళం దగ్గరికి ఒంగింది.

"వదినా!"

సుమన్. చెప్పుల్లేవు, చొక్కా గుండీలు సగం పెట్టుకుని ఉన్నాడు. జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆమె పక్కన నిలబడి గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. "అన్న దొరికాడు వదినా. మన వేటోళ్ళ వాట్సాప్ గ్రూపులో పోలీసోళ్ళు పెట్టిన ఫోటో వచ్చింది. బాపట్లలో ఉన్నాడంట. మొలతాడుకి మనింటి తాళంచెవి, నువ్వు కట్టిన పీలిక. అన్న పోయాడు వదినా. పద, తెచ్చుకుందాం." అని అక్కడే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సన్నాయి ఆగిపోయింది. అందరూ విన్నారు. రత్తాలు ఒంగిన నడుం ఎత్తలేదు. మరిది వైపు చూడకుండా,

"ఉండు సుమనూ, ఈ తాళం తీసి వస్తాను" అంది.

ఆ మాటకి సుమన్ ఏడుపు ఆగిపోయింది. ఆమె తాళంచెవి రంధ్రంలో పెట్టబోతోంటే రమేష్ బాబు తాళం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన కేకలు వెయ్యలేదు. గొంతు ఎంతో నెమ్మదిగా ఉంది.

"వద్దమ్మా. ఆ పళ్ళెంలో పెట్టెయ్యి."

పెట్టేసింది. పంతులుగారు పళ్ళెం మీద నీళ్ళు చల్లారు. అనుపమ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి ఆ తాళంచెవి తీసుకుంది. "పాపం, నువ్వు వెళ్ళిరా రత్తాలమ్మా. ఇక్కడి సంగతి పట్టించుకోకు. తెనాలి తాళాలు కూడా ఫణి చూసుకుంటాడులే, మా ఆయన చెబుతారు" అంది. పాపం అన్న మాటలోనే అంతా అయిపోయింది. వెనక షట్టరు లేచిన చప్పుడు, చప్పట్లు వినపడుతుండగా వదినా మరిదీ బస్టాండుకి నడిచారు. ఆమె ఒంటి మీద పట్టుచీర అలాగే ఉంది.

బాపట్ల స్టేషనులో జకరయ్యే ఉన్నాడు. సుమన్ ఫోనులో ఫోటో చూపించి, మా అన్నండి, శవం ఇప్పించండి సార్ అన్నాడు. జకరయ్య ఫోటో చూశాడు, సుమన్‌ని చూశాడు, వెనక గోడకి ఆనుకున్న రత్తాలుని చూశాడు.

"ఈవిడ వచ్చి చూశారు కదయ్యా. కాదని వేలిముద్ర వేసి వెళ్ళారు. మూడు రోజులు చూశాం. ఎవరూ రాలేదని మున్సిపాలిటీ వాళ్ళు పూడ్చేశారు" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అర్థంకానితనమే ఉంది.

సుమన్ తల తిప్పాడు.

"చూశావా వదినా?"

"చూశాను."

"గుర్తుపట్టలేదా?"

అబద్ధం చెప్పొచ్చు. మొహం లేదు, భయపడ్డాను, తెలియలేదు అంటే నమ్ముతాడు. ఆ పిల్లాడు నమ్మాలనే చూస్తున్నాడు.

"పట్టాను" అంది.

"మరి?"

"ఉంచుతారనుకున్నాను సుమనూ. నేనొచ్చేదాకా ఉంచుతారనుకున్నాను."

సుమన్ ఆమెవైపు వీపు తిప్పాడు. కొట్టినా బాగుండేది. జకరయ్యని చోటు చూపించమని అడిగి ఆయన వెంట నడిచాడు. రత్తాలు కూడా వెళ్ళింది. ఊరి చివర తుమ్మచెట్ల మధ్య మట్టి దిబ్బలు, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆ మధ్య ఇంకో ఇద్దర్ని కూడా ఇక్కడే పెట్టారని, ఈ వరసలోనే ఎక్కడో ఉంటాడని కాటికాపరి చేత్తో గాలిలో గీత గీసి చూపించాడు. సుమన్ ఆ వరస పొడుగూతా నడిచి ప్రతి దిబ్బకీ దణ్ణం పెట్టాడు. రత్తాలు కూడా ఒంగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు, పొద్దున రమేష్ బాబు పెట్టినట్టే. ఆమె అక్కడే, దారి మీదే కూలబడి ఏడ్చింది. ఇన్నాళ్ళూ షట్టర్ల కింద దాచుకున్న ఏడుపంతా బిగ్గరగా, సిగ్గులేకుండా ఏడ్చింది. ఆ ఏడుపు వినాల్సిన మనిషి ఏ దిబ్బ కింద ఉన్నాడో తెలియదు.

సాయంత్రానికి బాపట్ల బస్టాండులో రేపల్లె బస్సు వచ్చింది. సుమన్ ముందు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. రత్తాలు వెనకాలే ఎక్కి, అతని పక్కన కూర్చోవడానికి ధైర్యం చాలక, ఆడవాళ్ళ సీటులో కూర్చుంది. కండక్టరు టికెట్టు మిషను పట్టుకుని వచ్చాడు.

"రేపల్లె. ఒకటి" అన్నాడు సుమన్. వెనక్కి తిరిగి చూడలేదు.

కండక్టరు రత్తాలు దగ్గరికి వచ్చాడు. పట్టుచీర, బొట్టు, ఉబ్బిన కళ్ళు చూసి కాస్త మెత్తగానే అడిగాడు.

"మీకెక్కడికమ్మా?"

ఆమె సుమన్ వీపు వైపే చూస్తోంది. డబ్బులు లేవేమో, మొహమాటపడుతోందేమో అనుకున్నాడు పాపం.

"ఆడవాళ్ళకి టికెట్టు ఊరికేనమ్మా. ఎక్కడికెళ్ళాలో చెప్పండి చాలు" అన్నాడు.

బస్సు కదిలింది. కండక్టరు మిషను మీద వేలు పెట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు.